కంప్యూటర్‌లో వంటిల్లు

1967 ఏప్రిల్‌లో అమెరికాలోని కాస్మోపాలిటన్ పత్రిక ‘ది కంప్యూటర్ గర్ల్స్’ అనే వ్యాసం వేసింది. ప్రోగ్రామింగ్ అనే కొత్త ఉద్యోగంలో మంచి జీతాలున్నాయనీ, ఆడపిల్లలు నిస్సంకోచంగా రావచ్చనీ ఊరిస్తూ రాసిన వ్యాసం అది. అందులో గ్రేస్ హాపర్ ఒక పోలిక చెప్పింది. ప్రోగ్రాం రాయడం ఇంటికి నలుగురిని భోజనానికి పిలిచి విందు ఏర్పాటు చేయడం లాంటిదేనట. ఏది ముందు మొదలుపెట్టాలి, ఏది ఎప్పటికి సిద్ధమవాలి అని ముందే ఆలోచించుకోవాలి. ఓపిక ఉండాలి. చిన్న చిన్న వివరాలు వదలకూడదు. కాబట్టి ఆడవాళ్ళకి ఇది సహజంగానే వస్తుందని ఆమె భావం.

ఈ మాట అన్నది అల్లాటప్పా మనిషి కాదు. 1934లో యేల్ నుంచి గణితంలో డాక్టరేట్ తీసుకున్న మనిషి, అమెరికా నౌకాదళంలో అధికారి, 1952 నాటికే కంపైలర్ తయారుచేసిన మనిషి. అలాంటామె కంప్యూటర్ గురించి చెప్పడానికి వంటింటి పోలిక ఎందుకు ఎంచుకుంది? ఈ పోలికని రెండు రకాలుగా చదవచ్చు. వంట ఏర్పాటు అనేది మెదడుతో చేసే పని, దానికి లెక్కా ప్రణాళికా కావాలి, ఇంతకాలం ఎవరూ దాన్ని అలా గుర్తించలేదు అని చదివితే అది చాలా రాడికల్ మాట. ఇంటిపనిని శ్రమగా గుర్తించమని స్త్రీవాదులు తర్వాత చేసిన వాదానికి దగ్గరగా వస్తుంది. కానీ పత్రిక దాన్ని అలా వాడుకోలేదు. భయపడకండి, ఇది కూడా మీ వంటింటి పనిలాంటిదే అని బుజ్జగించడానికి వాడుకుంది. ఆడవాళ్ళకి ఏ కొత్త తలుపు తెరిచినా అవతల మళ్ళీ వంటిల్లే ఉందని హామీ ఇస్తే తప్ప సమాజానికి నిశ్చింత ఉండదేమో.

ఆ పోలిక వచ్చేనాటికి కంప్యూటర్‌కీ విందుకీ ఒక పాత సంబంధం ఉంది. 1946 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఎనియాక్ అనే యంత్రాన్ని ప్రపంచానికి చూపించారు. ఫిరంగి గుండు ఏ దారిలో వెళ్ళి ఎక్కడ పడుతుందో ఆ యంత్రం చిటికెలో లెక్కకట్టి అందరినీ అబ్బురపరిచింది. ఆ లెక్కని యంత్రానికి నేర్పినవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలాస్, రూత్ లిక్టర్మన్. ప్రదర్శన అయ్యాక జరిగిన విందుకి వాళ్ళని పిలవలేదు. నలభై ఏళ్ళ తర్వాత కేథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫొటోల్లో యంత్రం పక్కన నిలబడ్డ ఈ ఆడవాళ్ళని చూసి ఎవరని అడిగితే, వాళ్ళు ‘రిఫ్రిజిరేటర్ లేడీస్’ అని జవాబు వచ్చింది. అంటే ఫ్రిజ్ ప్రకటనల్లో తలుపు తీసి నవ్వే మోడల్స్ లాంటివాళ్ళన్నమాట. యంత్రానికి ప్రాణం పోసినవాళ్ళు కూడా చూసేవాళ్ళ కంటికి వంటింటి సామాను పక్కన బొమ్మలే అయ్యారు. క్లైమన్ ఆ ప్రశ్నని వదలకుండా పట్టుకుని వాళ్ళని వెతికి మాట్లాడించింది. 2022లో ‘ప్రూవింగ్ గ్రౌండ్’ అనే పుస్తకం రాసింది.

ఇదంతా ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, “ఆడవాళ్ళకి కంప్యూటర్లంటే, గేములంటే సహజంగా ఆసక్తి ఉండదు” అనే మాట ఇప్పటికీ చదువుకున్నవాళ్ళ నోటి నుంచి కూడా వింటూనే ఉన్నాం. ఆ ‘సహజం’ వయసు ఎంతో చూడాలి. 1967లో సహజంగా ఉన్న ఆసక్తి ఇరవై ఏళ్ళలో సహజంగా లేకుండా ఎలా పోయింది? నేథన్ ఎన్స్‌మెంగర్ అనే చరిత్రకారుడు దీన్ని పరిశోధించాడు. 1960లలో కంపెనీలు ప్రోగ్రామర్లని ఎంచుకోవడానికి మానసిక పరీక్షలు పెట్టాయి. 1966లో కానన్, పెర్రీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1,378 మంది ప్రోగ్రామర్లని పరిశీలించి ఒక నమూనా తయారుచేశారు. అందులో ఆడవాళ్ళు 186 మందే. పజిల్స్ అంటే ఇష్టం, మనుషులంటే అయిష్టం, ఇదీ మంచి ప్రోగ్రామర్ లక్షణం అని తేల్చారు. ఆ కొలతతో మనుషుల్ని తీసుకున్నారు, తీసుకున్నవాళ్ళని చూసి ప్రోగ్రామర్ అంటే ఇలాగే ఉంటాడన్నారు. ఎవరితోనూ కలవని, తల దువ్వుకోని కుర్రాడి బొమ్మ అలా పుట్టింది. పుట్టించిన బొమ్మని ప్రకృతి అనడం పితృస్వామ్యానికి కొత్తేమీ కాదు.

రెండో మలుపు 1980లలో ఇళ్ళలోకి వచ్చిన చిన్న కంప్యూటర్లు. వాటిని అమ్మినవాళ్ళు ప్రధానంగా మగపిల్లల ఆటవస్తువులుగానే అమ్మారు. 1984లో అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు తీసుకున్నవాళ్ళలో ఆడవాళ్ళు దాదాపు 37 శాతం. 2010 ప్రాంతానికి అది సుమారు 18 శాతానికి పడిపోయింది. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ కలిసి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ విద్యార్థులతో మాట్లాడి రాసిన ‘అన్‌లాకింగ్ ది క్లబ్‌హౌస్’ (2002)లో ఒక చిన్న వివరం నన్ను చాలాకాలం వెంటాడింది. ఇంట్లో కంప్యూటర్ కొంటే అది చాలాసార్లు అబ్బాయి గదిలోకే వెళ్ళేది. అక్క వాడుకోవాలంటే తమ్ముడి గది తలుపు కొట్టాలి. తమ్ముడు ఆటలాడుతూ, యంత్రాన్ని విప్పి చూస్తూ పెరిగి కాలేజీకి వస్తాడు. అక్క అతని పక్కన కూర్చుని తనకి ఇది రాదనుకుంటుంది. ఆ యూనివర్సిటీ పాఠం చెప్పే పద్ధతినీ, చేర్చుకునే పద్ధతినీ మార్చాక, 1995లో 7 శాతం ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతం అయ్యారు. అయిదేళ్ళలో ఆడపిల్లల ‘సహజ స్వభావం’ మారిపోయిందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవాలి.

మన దగ్గర కథ వేరు. దీన్ని అక్కడి సిద్ధాంతాలతో యథాతథంగా కొలవడం కుదరదు. 1990లలో ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచినప్పుడు, 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు, మధ్యతరగతి ఇళ్ళలో చాలావాటికి కంప్యూటర్ లేదు. అబ్బాయికీ లేదు, అమ్మాయికీ లేదు. ఇద్దరూ ఎంసెట్ రాసి, కాలేజీ ల్యాబ్‌లో చెప్పులు బయట విడిచి మొదటిసారి మౌస్ పట్టుకున్నవాళ్ళే. ఆటల ద్వారా ముందే అలవాటైన కుర్రాడి ముందు అమ్మాయి బెదిరిపోయే పరిస్థితి అక్కడున్నంతగా ఇక్కడ లేదు. అందుకే మన కంప్యూటర్ క్లాసుల్లో అమ్మాయిలు అమెరికాతో పోలిస్తే ఎంతో ఎక్కువ. రోలీ వర్మ వంటి పరిశోధకులు మన దేశంలో కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయిలతో మాట్లాడి, ఆ చదువుని వాళ్ళూ వాళ్ళ కుటుంబాలూ ఆడవాళ్ళకి తగినదిగానే చూస్తారని చెప్పారు.

ఎందుకు తగినది? తిరిగి ఆడది చెడిందనే సామెత ఉన్న భాష మనది. సివిల్ తీసుకుంటే ఎండలో, మేస్త్రీల మధ్య నిలబడాలి. మెకానికల్ అయితే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. కంప్యూటర్ అయితే ఏసీ గదిలో, నాలుగు గోడల మధ్య, కుర్చీలో కూర్చుని పని. జీతం ఎక్కువ, పెళ్ళి సంబంధాలకి విలువ ఎక్కువ, అమెరికా సంబంధం వస్తే అక్కడా ఉద్యోగం దొరుకుతుంది. తలుపు తెరుచుకుంది కానీ ఏ లెక్కతో తెరిచారో గమనించాలి. హాపర్ పోలికలో వంటింటిది ఏ పాత్రో, మన ఇళ్ళలో ‘నీడపట్టు ఉద్యోగం’ అనే మాటది ఆ పాత్రే. మన అమ్మాయిలకి కంప్యూటర్ పనిముట్టుగా, కొంతవరకు కట్నంలో తగ్గింపుగా వచ్చింది. ఆటవస్తువుగా రాలేదు. నెట్ సెంటర్లు వీధి వీధినా వెలిసిన రోజుల్లో, గంటకి ఇంతని కట్టి అరుస్తూ కౌంటర్ స్ట్రైక్ ఆడిన గుంపుల్లో అమ్మాయిలు దాదాపు కనపడేవారు కాదు. అమ్మాయి వెళ్ళిందంటే హాల్ టికెట్ ప్రింట్ కోసమో, కౌన్సెలింగ్ ర్యాంకు చూసుకోవడానికో. పని అయిపోగానే బయటికి.

మన భాషలో ‘ఆడ’ అనే మాటా ‘ఆడు’ అనే క్రియా పక్కపక్కనే ఉన్నాయి. వాటికి చుట్టరికం ఉందని భాషాశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు, నేనూ వాదించను. కానీ ఆడవాళ్ళు ఆడటం అంటే మాత్రం మనకి ఎప్పుడూ ఇబ్బందే. కంప్యూటర్ మీద పన్నెండు గంటలు పనిచేసే కోడలికి అభ్యంతరం ఉండదు. అదే కోడలు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు హెడ్‌ఫోన్ పెట్టుకుని గేమ్ ఆడితే ఆ ఇంట్లో ఏమంటారో ఊహించుకోండి. అదే పని కొడుకు చేస్తే ‘వారమంతా కష్టపడ్డాడు పాపం’.

అసలు ఆట అనేది ఆడవాళ్ళకి కొత్తదా? వామనగుంటల పీట తెలియని అమ్మమ్మ ఉందా? రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు, చింతపిక్కలు. ఏ గుంటలోంచి తీసి పంచితే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో, ఎదుటిమనిషికి ఏం మిగులుతుందో రెండు మూడు ఎత్తుల ముందే లెక్కవేసుకోవాలి. చదరంగం ఆడే మగవాళ్ళకి మేధావులన్న పేరొచ్చింది. మధ్యాహ్నం నడవలో వామనగుంటలాడే ఆడవాళ్ళది ‘కాలక్షేపం’ అయింది. ముగ్గుల సంగతీ అంతే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పరిశోధకులు గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ, కమలా కృతివాసన్ కలిసి 1974లో కోలాల ఆధారంగా ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. చుక్కలూ గీతలూ ఏ నియమాలతో పెరుగుతాయో వాటిని వ్యాకరణంగా రాసి, కంప్యూటర్‌లో బొమ్మల సిద్ధాంతానికి జోడించారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసే మనిషి చేతిలో ఉన్నది అల్గారిథమే అనడం ఉబ్బేయడానికి కాదు. ఆ పత్రం అది శాస్త్రంలో పనికొచ్చే విషయమని చూపించింది.

ఇక ఆడవాళ్ళ కోసమని తయారుచేసిన గేముల సంగతి. 1996లో మాటెల్ కంపెనీ ‘బార్బీ ఫ్యాషన్ డిజైనర్’ విడుదల చేస్తే మొదటి రెండు నెలల్లోనే ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది. బొమ్మకి గౌను కంప్యూటర్ మీద గీసి, గుడ్డ మీద ప్రింట్ తీసి, అతికించి తొడగాలి. బ్రెండా లారెల్ తన ‘పర్పుల్ మూన్’ కంపెనీ ద్వారా ఇంకో దారి పట్టింది. ఆడపిల్లలతో మాట్లాడి, వాళ్ళ స్నేహాలూ అలకలూ రహస్యాలూ కథలుగా గేములు చేసింది. 1999లో కంపెనీ మూతపడి చివరికి అదే మాటెల్ చేతికి వెళ్ళింది. ఈ రెండు దారుల మీదా అప్పుడు పెద్ద చర్చే జరిగింది. జస్టిన్ కాసెల్, హెన్రీ జెంకిన్స్ సంపాదకత్వంలో 1998లో వచ్చిన ‘ఫ్రమ్ బార్బీ టు మోర్టల్ కాంబాట్’ ఆ చర్చకి సాక్ష్యం. ఆడపిల్లలకి గులాబీరంగు గది కట్టి ఇవ్వడమా, మగపిల్లల గదిలోకే తోసుకుపోనివ్వడమా? ఈ ప్రశ్న మనకి తెలిసిందే. ‘స్త్రీల సాహిత్యం’ అని ప్రత్యేక సంచిక వేస్తే సంతోషించాలా, మామూలు సంచికలో చోటివ్వనందుకు నిలదీయాలా అని మనమూ ఎన్నోసార్లు కొట్టుకున్నాం. నామటుకు నాకు పర్పుల్ మూన్ మీద గౌరవం ఎక్కువ. ఆ కంపెనీ అమ్మాయిలకి ఏం కావాలో అమ్మాయిల్నే అడిగింది.

లారా క్రాఫ్ట్ గురించి ఎక్కువ రాయను. 1996లో ‘టూంబ్ రైడర్’ వచ్చిన దగ్గర్నుంచి ఆమె వీర వనితా, మగవాళ్ళ చూపుకి మరో బొమ్మా అని చాలామంది రాశారు. హెలెన్ కెనెడీ 2002లో రాసిన వ్యాసం వాటిలో బాగుంటుంది. లారా మల్వే 1975లో సినిమా గురించి చెప్పిన ‘పురుష చూపు’ గేముల్లో ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ చాలదో అది చర్చిస్తుంది. చూసే మగపిల్లవాడే ఆ ఆడ శరీరాన్ని నడిపిస్తూ, ఆమె పడితే తను పడుతుంటాడు. సినిమాలో ఈ చిక్కు లేదు.

నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది 2004లో వచ్చిన ‘డైనర్ డాష్’. దీన్ని మన విమర్శ పట్టించుకోవలసినంత పట్టించుకోలేదు. ఫ్లో అనే అమ్మాయి షేర్ల వ్యాపార కార్యాలయంలో ఉద్యోగం చేస్తుంటుంది. విసుగెత్తి బయటికొచ్చి చిన్న హోటల్ పెట్టుకుంటుంది. ఇంతవరకు చదివితే విముక్తి కథలాగే ఉంటుంది. తర్వాత ఆట మొదలవుతుంది. కస్టమర్లు వస్తుంటారు. కూర్చోబెట్టాలి, ఆర్డర్ తీసుకోవాలి, వంటవాడికి ఇవ్వాలి, ప్లేట్ తేవాలి, బిల్లు తీసుకోవాలి, బల్ల తుడవాలి. ప్రతి మనిషి పక్కనా గుండె బొమ్మలుంటాయి. ఆలస్యమయ్యేకొద్దీ ఒక్కొక్కటీ ఆరిపోతుంటాయి. అన్నీ ఆరిపోతే కోపంతో లేచిపోతాడు. ఫ్లోకి కోపం వచ్చే గుండెలు లేవు. అలసిపోయినట్టు చూపే కొలత కూడా లేదు. ఆమె పరుగెడుతూనే ఉంటుంది.

లక్షలమంది ఆడవాళ్ళు ఈ గేమ్ ఆడారు. రోజంతా ఇదే పని చేసి, తీరిక దొరికినప్పుడు కూడా ఇదే పనిని తెరమీద ఎందుకు ఆడతారు? షిరా చెస్ ‘రెడీ ప్లేయర్ టూ’ (2017)లో ఈ విషయాన్ని పట్టుకుంది. ఆడవాళ్ళ కోసం తయారయ్యే గేముల్లో కాలం ఒక ముఖ్యమైన విషయమంటుంది. ఆడదాని సమయం ముక్కలు ముక్కలుగా ఉంటుందని, ఆటలో కూడా ఆమె ఎవరికో సేవ చేస్తుంటే తప్ప సుఖపడదని పరిశ్రమ ముందే ఊహించుకుని ఆ ఊహకి తగ్గ ఆటగత్తెని తయారుచేస్తుంది. నేను దీనికి ఒకటి కలపాలనుకుంటున్నాను. ఫ్లో చేసే పనికి స్కోరు ఉంది. ప్రతి ప్లేటుకీ అంకె పెరుగుతుంది, రోజు ముగిస్తే లెక్క తేలుతుంది, బాగా చేస్తే హోటల్ పెద్దదవుతుంది. విమల ‘వంటిల్లు’ కవిత చదివి పెరిగిన మనకి ఆ అంకె ఆకర్షణ అర్థం కాకపోదు. అసలు వంటింట్లో స్కోరు లేదు. పొద్దున చేసింది మధ్యాహ్నానికి అయిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలు. తెరమీద వంటింట్లో కనీసం లెక్కయినా ఉంది. అందుకే ఈ గేమ్‌ని భ్రమ అని కొట్టిపారేయలేను. శ్రమని ఎవరో ఒకరు లెక్కపెడుతున్నారన్న తృప్తి అది. లెక్కపెట్టేది యంత్రం కావడమే విషాదం.

మన ప్రభుత్వం కూడా ఆ లెక్క ఈ మధ్యే మొదలుపెట్టింది. 2024 కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారనీ, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. 2019లో ఇవి 299, 97. ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. మగవాళ్ళ పాత్ర మారుతోందని పత్రికల్లో వచ్చే ఫొటోలకీ ఈ అంకెలకీ పొంతన కుదరడం లేదు. పరికరం దగ్గర కూడా అంతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. రెండు చోట్లా మగవాళ్ళు అంతకు రెట్టింపు పైనే. హైటెక్ సిటీ ఉన్న రాష్ట్రంలో సంగతి ఇది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి నిజమే. కానీ ఫోన్ చేతికొచ్చిన ఆడమనిషి కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య, బస్సులో, పిల్లాడి ట్యూషన్ బయట ఆడే క్యాండీ క్రష్‌ని ‘అది గేమే కాదు’ అంటారు. ‘క్యాజువల్’ అని ఒక పక్కగది చూపిస్తారు.

ఈ మాట వింటే నాకు ‘వంటింటి సాహిత్యం’ అనే మాట గుర్తొస్తుంది. 1960, 70లలో ఆడవాళ్ళు రాసి ఆడవాళ్ళు చదివిన వారపత్రిక సీరియళ్ళని అలా తీసిపారేశారు. తీసిపారేస్తూనే, ఆ నవలలకి గిరాకీ చూసి కొందరు మగ రచయితలు ఆడపేర్లతో రాశారు. పేరు మార్చుకోవడంలో ఎవరికి ఏం మిగులుతుందో చూడాలి. 1962లో ఇంగ్లండ్‌లో స్టెఫనీ షర్లీ అనే ప్రోగ్రామర్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. తన పేరుతో రాసిన ఉత్తరాలకి జవాబులు రాకపోతే భర్త సలహాతో ‘స్టీవ్’ అని సంతకం చేసింది. జవాబులు వచ్చాయి. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఉద్యోగాలు వదులుకున్న ఆడవాళ్ళని తీసుకుని, ఇంటి దగ్గర్నుంచే కోడ్ రాయించింది. మొదటి మూడువందల మందిలో 297 మంది ఆడవాళ్ళే. ఫోన్ మోగితే వెనక పిల్లాడి ఏడుపు వినపడకుండా టైపు కొడుతున్న చప్పుడు టేపులో వేసేది. 2020లో ఇంటి నుంచి పని మొదలైనప్పుడు, వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మ్యూట్ బటన్ మీద వేలు తీయకుండా మీటింగుల్లో కూర్చున్న మన ఆడవాళ్ళకి ఆ టేపు చప్పుడు బాగా అర్థమవుతుంది. షర్లీ 2025 ఆగస్టులో చనిపోయింది. పి.సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. షర్లీ ఇల్లు దాటడానికి పేరు దాచుకుంది. ఈ రోజు ఆన్‌లైన్ ఆటల్లో చాలామంది అమ్మాయిలు మగపేరుతోనో, ఆడో మగో తెలియని పేరుతోనో చేరి మైకు ఆపేసి ఆడతారు. గొంతు వినపడిందంటే ఏం వస్తుందో వాళ్ళకి తెలుసు.

ఏం వస్తుందో 2014లో ప్రపంచమంతా చూసింది. గేముల్లో ఆడ పాత్రల మీద వీడియో విమర్శలు చేసిన అనితా సర్కీసియన్, ‘డిప్రెషన్ క్వెస్ట్’ అనే చిన్న గేమ్ తయారుచేసిన జోయీ క్విన్ మీద జరిగిన దాడికి గేమర్‌గేట్ అని పేరు. ఆ అక్టోబర్‌లో యూటా స్టేట్ యూనివర్సిటీలో సర్కీసియన్ ప్రసంగం, కాల్పులు జరుపుతామన్న బెదిరింపుతో రద్దయింది. ఆమె చేసింది సాహిత్య విమర్శలో మనం రోజూ చేసే పనే. ఒక రచనలో ఆడపాత్ర ఎందుకు ఉంది, ఆమె చేత ఏం చేయిస్తున్నారు అని అడిగింది. ఆ ప్రశ్నకి తుపాకీ జవాబుగా వచ్చిందంటే, అది మగవాళ్ళకి ‘కేవలం ఆట’ కాదన్నమాట.

మన డయాస్పొరాలో ఇంకో రకం మౌనం ఉంది. ఇక్కడ కంప్యూటర్ డిగ్రీ చేసి, పెళ్ళి చేసుకుని హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్ళిన తెలుగు అమ్మాయిలు ఎందరో. 2015 మేలో కొంతమందికి పని అనుమతి వచ్చేదాకా వాళ్ళలో ఎవరూ ఆ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఏమీ భట్ ‘హై-టెక్ హౌస్‌వైవ్స్’ (2018) అనే పుస్తకం ఇలాంటి భారతీయ కుటుంబాల గురించే. నీడపట్టు ఉద్యోగం అని చదివించిన చదువు చివరికి నీడపట్టునే మిగిల్చింది, ఉద్యోగం లేకుండా.

ఇన్నిటి తర్వాత ‘వెన్బా’ గురించి రాయాలి. 2023లో టొరంటోకి చెందిన విసై గేమ్స్ చేసిన గేమ్ ఇది. 2024లో తొలి గేముల విభాగంలో బాఫ్టా అవార్డు వచ్చింది. 1980ల చివర్లో తమిళనాడు నుంచి కెనడా వెళ్ళిన వెన్బా, ఆమె భర్త పావలన్, అక్కడే పుట్టిన కొడుకు కవిన్. ఆటంతా వంటే. వెన్బా దగ్గర వాళ్ళమ్మ ఇచ్చిన వంటల పుస్తకం ఉంది. కాగితాలు చిరిగి, అక్షరాలు చెరిగి ఉన్నాయి. మిగిలిన ముక్కల్ని బట్టి, జ్ఞాపకాన్ని బట్టి వంట ఎలా చేయాలో ఆడేవాళ్ళు కనిపెట్టాలి. మొదట ఇడ్లీ. ఇడ్లీ పాత్రలో ప్లేట్లు ఒకదానిమీద ఒకటి ఎలా అమర్చితే ఆవిరి అన్నిటికీ అందుతుందనేది అక్కడ పజిల్. మనం వేలసార్లు ఆలోచించకుండా చేసే పని. ప్రపంచంలోని గేమర్లు దాని ముందు ఆగి బుర్ర గోక్కున్నారంటే నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. హాపర్ పోలిక ఇక్కడ తిరగబడింది. ఆమె ప్రోగ్రామింగ్‌ని వంటతో పోల్చింది. వెన్బా వంటని ప్రోగ్రాంలా పరిష్కరించమని అడుగుతుంది. కవిన్ పెద్దయ్యాక సరిగ్గా చదవలేని తమిళంతో ఆ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు, పజిల్ ఇంకా కష్టమవుతుంది. గరిటె కొడుకు చేతికి వెళుతుంది. ఆడా మగా పాత్రలు మారడం గురించి ఉపన్యాసం లేకుండా ఆడేవాడి వేళ్ళతోనే ఆ మార్పు చేయిస్తుంది గేమ్. డైనర్ డాష్‌లో ఉన్న గడియారం ఇందులో లేదు. తప్పు చేస్తే మళ్ళీ చేసుకోవచ్చు, ఎవరూ కోపంతో లేచిపోరు.

అయినా నాకొక పేచీ ఉంది. ఇది కొడుకు తయారుచేసిన ఆట. దీన్ని రూపొందించిన అభి చిన్నప్పుడే తమిళనాడు నుంచి కెనడా వెళ్ళినవాడు. అమ్మ చేతి వంటని చిన్నప్పుడు నిర్లక్ష్యం చేసిన కొడుకుల పశ్చాత్తాపం ఈ గేమ్ అంతటా పరుచుకుని ఉంది. మన కవిత్వంలో అమ్మ మీద కొడుకులు రాసిన కవితలకి కొదవ లేదు కాబట్టి ఆ గొంతు మనకి తెలుసు. వండి, బల్ల నిండా పెట్టి, రాని కొడుకు కోసం ఎదురుచూసే వెన్బా మన కళ్ళు తడిపేస్తుంది. కానీ వండనప్పుడు ఆమె ఏం చేస్తుంది, ఏం ఆలోచిస్తుంది, తనకంటూ ఆడుకోవాలనుంటుందా అనేవి గేమ్ అడగదు. ఆమె మనసు తెరుచుకునేదల్లా పొయ్యి ముందే. ఇదే గేమ్‌ని ఒక కూతురు చేసి ఉంటే కనీసం ఒక్క వంటయినా మాడి ఉండేదనుకుంటాను, అమ్మ కావాలనే మాడ్చి ఉండేది.

‘వెన్బా’ మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి, మరీ చిన్నదని. గంటన్నరలో అయిపోతుంది. వందల గంటల గేములకి అలవాటైన కుర్రాళ్ళకి అది డబ్బుకి తగ్గ ఆట అనిపించలేదు. మధ్యాహ్నం గిన్నెలు సర్దాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు నేను దాన్ని మొదలుపెట్టి ముగించాను. చివరి వంట దగ్గర స్కూలు బస్సు హారన్ వినపడింది కానీ, పిల్లలు మెట్లెక్కి పైకొచ్చేలోపు అదీ అయిపోయింది.